గుడ్ల మీద ఎర్రజెండా

మా పెద్దబావ పోయాడు. సంగారెడ్డి పెద్దాసుపత్రిలో, తలకు తగిలిన దెబ్బతో నాలుగు రోజులు కొట్టుమిట్టాడి, పోయిన నెల ఒక మంగళవారం పొద్దున కన్నుమూశాడు. ఎండిన గడ్డికి నిప్పు పెట్టడానికి వచ్చిన ఇద్దరిని అడ్డుకోబోతే వాళ్లు ఇనుప పైపుతో కొట్టారు. డెబ్బై దాటిన మనిషి. నౌకరీ లేదు, అధికారం లేదు, ఒక కన్ను కూడా లేదు. ఆ గడ్డి ఆయనది కాదు, సైన్యానిది. అయినా అడ్డం పోయాడు. ఆ ఇద్దరూ ఇప్పుడు జైల్లో ఉన్నారు. పడిపోయే ముందు బావ అందులో ఒకడి దవడ విరగ్గొట్టాడని తెలిసింది. వింటే నాకు సంతోషమే కలిగింది, దాచడమెందుకు.

నేను మా ఊరి అంగన్‌వాడీ టీచర్ని. చనిపోయింది మా ఆయనకు అన్న. ఆయన భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. కాబట్టి తలకొరివి పెట్టాల్సింది నా కొడుకు. ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు వాడు పటాన్‌చెరు ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టుకు పోవడానికి బూట్లు తొడుక్కుంటున్నాడు. సంగతి చెప్పాను. లేసులు ముడేస్తూనే, తల ఎత్తకుండా, "నేను పెట్టనమ్మా. మా నాయినను సంపినోనికి నేను అగ్గి పెట్టాల్నా?" అన్నాడు.

 నాకు నోరెక్కువ అని ఊళ్లో పేరు. ఆ మాట వాడికి నేర్పింది నేనే. పదహారేళ్లుగా అన్నం ముద్దతో పాటు తినిపించాను. శవపరీక్ష అయ్యి, శవం మూడు గంటలకు ఊరికి వస్తుందన్నారు. అది వచ్చేలోపల నేను వాడికి ఒక సంగతి చెప్పాలా, వద్దా అని ఆ పొద్దంతా కొట్టుకున్నాను. ఆ సంగతి మీకూ అర్థం కావాలంటే ముందు బావను చెప్పాలి.

మా ఊరి పక్కన సైన్యం వాళ్లు ఫైరింగ్ సాధన చేసే జాగా ఉంది. మా వాళ్లు దాన్ని చాంద్‌మారి అంటారు. మా మామ భూమి కూడా, ఒక్క జొన్నచేను తప్ప, అందులోనే కలిసింది. దానికి బదులుగా బావకు అక్కడే చౌకీదారు నౌకరీ దొరికింది. తండ్రి దున్నిన భూమిలోకి ఎవరూ రాకుండా కాపలా కాయడం, తానూ దున్నకుండా ఉండడం, అదీ ఆయన ఉద్యోగం. చుట్టూ చూస్తే ఒకవైపు ఫ్యాక్టరీ గొట్టాలు, లక్డారం వైపు రాళ్లు పగలగొట్టే క్రషర్లు, ఇంకోవైపు తెల్ల రాళ్లు పాతిన ప్లాట్లు. మధ్యలో ఈ ఒక్కచోట మాత్రం నాగలి పడలేదు, ప్లాటు రాయి పడలేదు. అక్కడ ఫిరంగి గోలాలు పడతాయి కాబట్టి ఇంకెవరూ చొరబడలేదు. వానలు పడితే గడ్డి నడుము దాటి పెరిగేది. కౌజు పిట్టలు, పూరేళ్లు, తీతువులు, కుందేళ్లు, గుంటనక్కలు. చలికాలంలో ఎక్కడెక్కడినుంచో వచ్చే పిల్లిగద్దలు గడ్డి కొసలను రాసుకుంటూ ఎగిరేవి.

కొత్త కోడలిగా వచ్చినప్పుడు నాకు ఇదంతా విడ్డూరంగా ఉండేది. బాంబులు పడే చోట పిట్టలు ఎట్లా బతుకుతాయని అడిగితే, బావ పళ్లెంలో రొట్టె తుంచుకుంటూ, "గోలా యాడాదికి పదిసార్లు పడ్తది. మనిషి రోజూ పడ్తడు" అన్నాడు. ఆయన మాటలు అట్లాగే ఉండేవి. రెండు ముక్కలు, రెండూ రాళ్లే.

మనిషి ఎట్లా పడతాడో చెప్తాను. ఫైరింగ్ అయిపోయాక గడ్డిలో గోలాల ముక్కలు, ఖాళీ తూటాలు పడి ఉంటాయి. వాటిలో ఇత్తడి ఉంటుంది. మేం పిత్తల్ అంటాం. పటాన్‌చెరులో పాత సామాన్ల దుకాణాలవాళ్లు ఎంత తెచ్చినా కొంటారు. కానీ నడుమెత్తు గడ్డిలో పిత్తల్ దొరకాలంటే కష్టం. అందుకని ఎండాకాలం రాగానే మా వాళ్లు గడ్డికి నిప్పు పెట్టేవాళ్లు. నిప్పు ఆరాక నల్లటి నేల మీద పిత్తల్ తళతళ మెరుస్తుంది, ఏరుకోవడమే. మా ఊరే కాదు, చాంద్‌మారి చుట్టూ ఉన్న ఊళ్లన్నీ చేసే పని అది. ఎవరికీ తప్పనిపించలేదు. వచ్చే వానలకు గడ్డి మళ్లీ మొలుస్తుంది కదా.

నౌకరీలో చేరిన కొత్తలో బావకూ తప్పనిపించలేదట. ఒక ఎండాకాలం మంట ఆరిన తెల్లవారి ఆయన లోపలికి పోయాడు. తిరిగి వచ్చి తువ్వాల మూట విప్పి వాకిట్లో పెట్టాడు. నేను అప్పుడు పెళ్లయి వచ్చి ఏడాది కాలేదు. మూటలో ఒక కౌజు పిట్ట. బొగ్గయింది, కానీ కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. బావ దాన్ని రెండు వేళ్లతో పైకి లేపితే కింద ఐదు గుడ్లు. అవీ పగిలి నల్లబడ్డాయి. రెక్కలున్న పిట్ట, ఎగిరిపోవచ్చు. పోలేదు. బావ దాన్ని చాలాసేపు చూసి, జొన్నచేను గట్టు మీద గుంట తీసి పూడ్చి వచ్చాడు. ఆ రోజు నుంచి ఆయన కొట్టడం మొదలుపెట్టాడు.

కొట్టడమంటే మామూలు కొట్టడం కాదు. అగ్గిపెట్టెతో దొరికిన ఒకడి చెయ్యి మోకాలి మీద పెట్టి విరిచాడు. వలలు వేసి కౌజులను పట్టే ఇద్దరిని వాళ్ల వలలోనే చుట్టి ఊళ్లోకి ఈడ్చుకొచ్చాడు. ఒకసారి ఏదో ఫ్యాక్టరీ ట్యాంకర్ కంచె పక్కన నిలబడి గబ్బు నీళ్లు గడ్డిలోకి వదులుతుంటే, పెద్ద బండరాయి ఎత్తి దాని ముందరి అద్దం పగలగొట్టి, డ్రైవర్ని కిటికీలోంచి బయటికి లాగాడు. డ్రైవర్ బీహారువాడు, పాపం, వాడికి ఏం తెలుసు. ఠాణాలో రెండు రోజులు కూర్చోబెట్టారు. వచ్చాక మళ్లీ అదే కథ. సొంత తమ్ముడు అని చూడలేదు. మా ఆయన వీపు మీద ఆయన బెల్టు వాతలకు నేను పసుపు, నూనె రాసిన రోజులున్నాయి. ఊళ్లో సగంమందికి ఆయన చేతి గుర్తు ఏదో ఒకటి ఉండేది. ఇప్పుడు పోయాడు కాబట్టి మంచివాడని రాయడం నాకు చేతకాదు. ఆయనతో మసలడం కష్టం.

ఆడవాళ్లను కొట్టేవాడు కాదు. కానీ అంతకన్న తక్కువ చేసేవాడూ కాదు. దసరా దాటాక సైన్యంవాళ్లు గడ్డి కోసుకోనిచ్చేవాళ్లు. మేం కొడవళ్లు పట్టుకుని పోయి కోసి, మోపులు కట్టి నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్లం. మోపు మధ్యలో పిత్తల్ దాచడం మా ఆడవాళ్ల విద్య. బావ గేటు దగ్గర ఇనుప సలాకతో నిలబడి ఒక్కొక్క మోపులో గుచ్చేవాడు. గడ్డిలోకి దిగితే చప్పుడుండదు. పిత్తల్ తగిలితే ఖంగుమంటుంది. మొదటిసారి నా మోపు ఖంగుమన్న రోజు, ఇంటి కోడలినని వదిలేస్తాడని అనుకున్నాను. తాడు కోసి, మోపును అందరి ముందు కాలితో తన్ని చిందరవందర చేశాడు. "మన ఇంటి మోపు కదా అని రెండుసార్లు గుచ్చిన పిల్లా" అన్నాడు. నవ్విన ఆడవాళ్ల మొహాలు నాకు ఇప్పటికీ గుర్తే. ఆ అవమానం నా కడుపులో ఉండిపోయింది.

అదే మనిషి గుడ్లు పెట్టే నెలల్లో చెప్పులు చేతిలో పట్టుకుని గడ్డిలో నడిచేవాడు. గోలా ముక్కలు కత్తుల్లా ఉంటాయి. ఆయన అరికాళ్లు చూస్తే దున్నిన చెలకలా ఉండేవి. ఎందుకీ తిప్పలని మా ఆయన అడిగితే, "చెప్పుకు కండ్లుండయిరా" అన్నాడు. ఛాయ్ సాసర్‌లో పోసుకుని నిలబడే తాగేవాడు. పచ్చి ఉల్లిగడ్డ పిడికిలితో గుద్ది రొట్టెలో నంజుకునేవాడు. బొంతపల్లి వీరభద్రుడి జాతరకు ఏటా నడిచి పోయేవాడు, ఏం మొక్కుకున్నాడో ఎవరికీ చెప్పేవాడు కాదు. ఊరంతా తిట్టేది. ఆయన పట్టించుకోలేదు. కానీ ఎంతమందిని కొట్టినా ఏటా ఏదో ఒక మూల గడ్డి కాలుతూనే ఉండేది. ఒక్క మనిషి, రెండు చేతులు. జాగానేమో కంటికి ఆనేంత కాదు.

అప్పుడు ఆయన ఒక ఉపాయం పన్నాడు.

అన్ని గోలాలూ పేలవు. కొన్ని మట్టిలో దిగబడి ఊరికే ఉంటాయి. అట్లాంటిది కనబడితే చౌకీదారు పక్కన కర్ర పాతి ఎర్రజెండా కడతాడు. తర్వాత సైన్యంవాళ్ల జట్టు వచ్చి దాన్ని అక్కడే పేల్చేస్తుంది. వాళ్లు రావడానికి ఒక్కోసారి నెలలు పట్టేది. ఎర్రజెండా దగ్గరికి మా ఊళ్లో ఎవడూ పోయేవాడు కాదు. చుట్టూ ఎంత పిత్తల్ కనిపించినా పోయేవాడు కాదు, నిప్పు కూడా పెట్టేవాడు కాదు. వేడికి గోలా పేలితే ముక్కలు ఎంత దూరం వస్తాయో అందరికీ తెలుసు. బావ అది కనిపెట్టి, గూడు కనబడిన చోటల్లా ఎర్రజెండా కట్టడం మొదలుపెట్టాడు. సైన్యానికి చెప్పలేదు, తమ్ముడికి చెప్పలేదు. మూడు ఎండాకాలాలు మంటలు లేవు. గోలాలు ఈమధ్య సరిగ్గా పేలడం లేదని ఊళ్లో అనుకున్నారు. పిట్టలు పెరిగాయి. పొద్దున లేస్తే మా ఇంటి దాకా కౌజుల అరుపులు వినిపించేవి.

నాలుగో ఎండాకాలం నేను పిత్తల్ కోసం దొంగతనంగా లోపలికి పోయాను. మా ఆయన పని చేసే ఫ్యాక్టరీ మూతపడింది, నా కొడుక్కి నాలుగేళ్లు, నాకింకా అంగన్‌వాడీ పని రాలేదు. ఒక తుమ్మ పొద చాటున కూర్చున్నాను. ఎదురుగా, పది అడుగుల్లో ఎర్రజెండా. భయంతో లేవబోతే, జెండా కర్ర మొదట్లోంచి కౌజు పిట్ట బుర్రుమని లేచింది. కాసేపటికి మళ్లీ వచ్చి అక్కడే కూర్చుంది. నేను కదలకుండా చూశాను. అది మళ్లీ లేచినప్పుడు దగ్గరికి పోయాను. గోలా లేదు, గుంట లేదు. కర్ర పక్కన గడ్డిలో ఆరు గుడ్లు.

నాకు నవ్వాగలేదు. నా మోపు చిందరవందర చేసిన మనిషి, ఊరినంతా గుడ్లతో భయపెడుతున్న మనిషి. ఆ సాయంత్రం రొట్టెలు చేస్తూ మా ఆయనకు చెప్పాను. మరునాడు నీళ్ల బోరింగ్ దగ్గర ఆడవాళ్లకు చెప్పాను, యాక్షన్ చేసి మరీ చెప్పాను. రెండు రోజుల్లో ఊరంతా పాకింది. "గుడ్ల జెండా" అని పేరు పెట్టారు. మూడేళ్లుగా ఎవరూ ముట్టని చోట్లు కదా, జెండాల చుట్టూ పిత్తల్ పోగుపడి ఉంది. జనం ఎగబడ్డారు. జెండాలు పీకారు, గుడ్లు పొరుటు వండుకున్నారు.

సంగతి తెలిసిన రోజు బావ వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఎవరు బయటపెట్టారని అడగలేదు. తుమ్మ పొద దగ్గర అడుగులు చూసే ఉంటాడు. నా ఎడమ కాలు కొంచెం ఈడుస్తాను, ఆ గుర్తు ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నా వైపు ఒక్కసారి చూసి లోపలికి పోయాడు. మరునాడు తెల్లారేసరికి గూళ్ల దగ్గర మిగిలిన జెండాలన్నీ తానే పీకేశాడు. తర్వాత ఇంటింటికీ తిరిగాడు. ఎవరినీ బతిమాలి ఎరగని మనిషి, చేతులు కట్టుకుని గడపల ముందు నిలబడి ఒకటే చెప్పాడట. గుడ్ల జెండాలు తీసేశాను, ఇగ ఉన్నవన్నీ నిజంగా పేలని గోలాలే, దగ్గరికి పోకండి అని. జనం నవ్వారు. ఒకామె, "ఎన్ని గుడ్లు మిగిలినయన్నా?" అని అడిగిందట.

మా ఇంట్లో కూడా చెప్పాడు. అన్నం తింటున్న తమ్ముడి ముందు కూర్చుని చెప్పాడు. లోపల పారే ఒర్రె దగ్గర మూడు జెండాలున్నాయి, అటు పోవద్దురా అన్నాడు.

రెండు రోజుల తర్వాత పొద్దున మా ఆయన గునపం, గోనెసంచి తీసుకుని గడప దగ్గర ఆగాడు. వెనక్కి తిరిగి నన్ను అడిగాడు.

"ఒర్రె కాడ మస్తు పిత్తల్ ఉన్నదంట. అన్నేమో నిజమైన గోలానే అంటుండు. నువ్వేమంటవ్?"

నేను అప్పుడు పిల్లవాడికి నీళ్లు పోస్తున్నాను. కడుపులో ఇంకా ఆ గడ్డి మోపు ఉంది. "గుడ్లే ఉంటయి, పో" అన్నాను.

పదిగంటలప్పుడు పేలింది. ఫైరింగ్ ఉన్న రోజు ముందే డప్పు చాటింపు వేస్తారు. ఆ రోజు చాటింపు లేదు. ఒక్కటే చప్పుడు, కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి, పొయ్యి మీద గిన్నె మూత కింద పడింది. ఊరంతా గేటు దగ్గరికి ఉరికింది. నేను చేరేసరికి గడ్డిలోంచి బావ వస్తున్నాడు, తమ్ముణ్ని భుజం మీద వేసుకుని. దగ్గరికి వచ్చాక చూశాను. మా ఆయనకు మోకాళ్ల కింద ఏమీ లేదు. పొట్ట దగ్గర బావ తువ్వాల చుట్టి ఉంది, అందులోంచి రక్తం ధార కట్టి బావ ధోవతి మీదుగా, కాళ్ల మీదుగా కారుతోంది. గేటు దాకా ప్రాణం ఉందన్నారు. నేను చెయ్యి పట్టుకునేసరికి లేదు.

బావ తమ్ముణ్ని మెల్లగా నేల మీద పడుకోబెట్టాడు. ఇంకో గుడ్డ కప్పాడు. అప్పుడు లేచి నిలబడ్డాడు. జనం ఆయన మీద పడ్డారు. ఇన్నేళ్లలో ఆయన కొట్టిన ప్రతి దెబ్బా ఆ గేటు ముందు తిరిగి వచ్చింది. కర్రలతో, చెప్పులతో, పిడికిళ్లతో కొట్టారు. ఆయన ఇనుప సలాక గేటుకు ఆనించి ఉంది, చేయి చాస్తే అందేంత దూరం. దాన్ని ముట్టలేదు. పదిమందిని పడగొట్టగల మనిషి, చేతులు కిందికి వదిలేసి నిలబడ్డాడు. పళ్లు రాలాయి. మోకాళ్ల మీద పడ్డాడు. నేను కంకర రాయి ఎత్తి మొహం మీద కొట్టాను. ఎడమ కన్ను పోయింది. ఆ రాయి ఎవరిదని పోలీసులు అడిగితే, చూడలేదన్నాడు. ముందునుంచి కొట్టిన రాయిని చూడకపోవడమేమిటని ఎస్సై విసుక్కున్నాడట.

విచారణలో గుడ్ల జెండాల సంగతి బయటపడి నౌకరీ పోయింది. ఊరు ఆయనతో మాట్లాడడం మానేసింది. నేను మానేయడమే కాదు, కనబడినప్పుడల్లా శాపాలు పెట్టాను. "మీ పెదనాయిన అబద్ధపు జెండాలే మీ నాయినను మింగినయి" అని కొడుక్కి చెప్పాను. ప్రతిసారీ ఇంకొంచెం గట్టిగా చెప్పాను. నేను అన్న మాట నాకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదు కదా. అడిగినవాడు పోయాడు.

ఒకే వాకిలి, రెండు గదులు ఆయనవి, రెండు మావి. పంట రాగానే తన వంతు జొన్నల బస్తా నా గడప ముందు పెట్టి పోయేవాడు. నేను ఆయన చూస్తుండగానే దోసిళ్లతో తీసి కోళ్లకు చల్లేదాన్ని. మరుసటి పంటకు మళ్లీ పెట్టేవాడు. నేను మాట్లాడను కాబట్టి, ఏదైనా చెప్పాల్సి వస్తే వాకిట్లో బర్రెకు చెప్పేవాడు. "ఓ బర్రె, అంగన్‌వాడిల టీచర్ నౌకరి పడ్డదంట, దరఖాస్తు పెట్టుకుంటే మంచిదిగద" అన్నాడు ఒకరోజు. పెట్టుకున్నాను, వచ్చింది. బర్రెకే చెప్పాడు కాబట్టి నేను ఆయనకు కృతజ్ఞత చెప్పలేదు.

నౌకరీ లేకపోయినా రోజూ పొద్దున కంచె వెంట నడిచేవాడు, ఒంటి కన్నుతో లోపలికి చూస్తూ. కొన్నేళ్లకు పిట్టల పిచ్చి ఉన్న కర్నల్ సాబ్ ఒకాయన బదిలీ మీద వచ్చాడు. కంచె పట్టుకుని నిలబడ్డ ముసలాయనను జీపులో ఎక్కించుకుని లోపలంతా తిరిగాడట. ఎక్కడ ఏ పిట్ట గుడ్లు పెడుతుందో బావ నేల చూసి చెప్పాడు. ఆ తర్వాత ఏడాది నుంచి గుడ్ల నెలల్లో ఒర్రె వైపు ఫైరింగ్ ఆపేశారు. ఎండాకాలం ముందే కంచె పొడుగునా వెడల్పుగా గడ్డి తీసి, నిప్పు దాటకుండా చేశారు. పేలని గోలాలను నెలలు కాదు, రోజుల్లోనే తీయడం మొదలైంది. బావకు జీతం లేదు, లోపల తిరగడానికి ఒక కాగితం ఇచ్చారు. దాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి జేబులో దాచుకునేవాడు. ఒక వానాకాలం సాయంత్రం తడిసి ముద్దయి వచ్చి బర్రెతో, "ఇయ్యాల నేల నెమలి ఎగిరింది. గడ్డిలకెళ్లి గిట్ల, పైకి, మల్ల కిందికి. చిన్నప్పుడు సూసిన, మల్ల ఇయ్యాల" అన్నాడు. ఆ గడ్డి పిట్ట ఎట్లా ఎగిరిందో చేతులతో చూపించాడు కూడా. నేను తలుపు సందులోంచి చూసి, గట్టిగా మూసేశాను.

ఇప్పుడు ఆసుపత్రి సంగతి. దెబ్బ తగిలిన రోజు ఎవరూ లేకపోతే నేనే పోయాను. ఎందుకు పోయానంటే చెప్పలేను. మూడో రోజు ఆయనకు తెలివి వచ్చింది. తలకు కట్టు, మొహం ఉబ్బి గుమ్మడికాయలా ఉంది. మొదట గడ్డి కాలిందా అని అడిగాడు. ఆయనతో అబద్ధం ఆడే ధైర్యం లేక, ఒక మూల కాలింది, జవాన్లు ఆర్పారని చెప్పాను. ఉన్న ఒక్క కన్నూ మూసుకున్నాడు. పడుకున్నాడనుకున్నాను.

"బిడ్డా" అన్నాడు. నన్ను ఎప్పుడూ అట్లా పిలవలేదు. "నేను పోతె పొలగాడు అగ్గి పెట్టడు. పెట్టుమని జబర్దస్తి చెయ్యకు. వానికి ఏం చెప్పకు."

ఏం చెప్పకూడదని అడిగాను.

"తమ్ముడు గేటు దాక నా బుజం మీదనే ఉన్నడు గద. ఒక్కటే మాట అన్నడు. 'గుడ్లే అన్నదన్నా' అన్నడు."

మంచం ఇనుప కడ్డీ పట్టుకున్నాను. గేటు ముందు చేతులు వదిలేసి నిలబడ్డ మనిషి, నా రాయి తిన్న మనిషి, పదహారేళ్లు నా శాపాలు విన్న మనిషి, అప్పటికే అన్నీ తెలిసి నిలబడ్డాడు. ఆ రోజు ఒక్క ముక్క అంటే ఆ కర్రలన్నీ నా వైపు తిరిగేవి. ఎందుకు చెప్పలేదు బావా అని అడిగాను. ఏడుస్తూ అడిగాను.

"చెప్తె నాలుగేండ్ల పొలగాడు ఎవ్వలి కాడ పెరగాలె?" అన్నాడు. "జెండలు కట్టింది నేను. నాకు పడేటియి నాకు పడ్డయి. నీది ఒక్క మాటనే బిడ్డా" అన్నాడు.

రాత్రి నేను ఇంటికి వచ్చాను. మరునాడు పొద్దున పోయాడు.

చెప్పవద్దన్నాడు. కొడుకు పెట్టనన్నాడు. మూడు గంటలకు అంబులెన్స్ వచ్చి వాకిట్లో శవాన్ని దించి పోయింది. ఇంటి పెద్దలు నలుగురు వచ్చి, కులంలో ఇంకెవరితోనైనా పెట్టిద్దామని మాట్లాడుకుంటున్నారు. కొడుకు షిఫ్టు నుంచి వచ్చి గదిలో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. నేను లోపలికి పోయి తలుపు వేసి, వాడి ముందు నేల మీద కూర్చుని చెప్పాను. జెండా కింద గుడ్లు చూసింది, ఊరికి చెప్పింది, రాయి విసిరింది, అన్నీ నేనే అని చెప్పాను. వాడు ఫోన్ పక్కన పెట్టాడు.

"నాయిన నిన్ను అడిగిండా?" అన్నాడు.

"అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"గుడ్లే ఉంటయి, పో అన్న."

వాడు నన్ను కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండు అనుకున్నాను. లేచి, నన్ను దాటుకుని బయటికి పోయాడు. బోరింగ్ కింద బట్టలతోనే కూర్చున్నాడు, ఒకాయన కొడుతుంటే నీళ్లు నెత్తిన పోసుకున్నాడు. తడి ధోవతి కట్టుకుని వచ్చి, నిప్పుకుండ పట్టుకుని పాడె ముందు నిలబడ్డాడు. డప్పులు మొదలయ్యాయి.

మా శ్మశానం చాంద్‌మారి కంచెకు ఆనుకునే ఉంది. చితి అంటుకునేసరికి పొద్దు వాలుతోంది. తలకొరివి పెట్టినవాడు వెనక్కి చూడకుండా పోవాలి, మా ఆచారం అది. వాడు నిప్పు పెట్టి, చూడకుండానే పది అడుగులు వేశాడు. అప్పుడు పడమటి గాలి లేచింది. చితి మీంచి నిప్పురవ్వలు గుంపుగా లేచి కంచె దాటి, గడ్డి తీసిన పట్టీ కూడా దాటి ఎండుగడ్డిలో పడ్డాయి. చిన్న చిన్న పొగలు లేచాయి. వాడు ఆగాడు. పెద్దలు వద్దంటుండగానే వెనక్కి తిరిగాడు. కంచె తీగ ఎత్తి లోపలికి దూరి, ఒంటి మీది తడి కండువా తీసి పొగ లేచిన చోటల్లా బాదడం మొదలుపెట్టాడు.

కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి తెచ్చిన నీళ్ల డ్రమ్ము అక్కడే ఉంది. బకెట్ నింపి కంచె దగ్గరికి ఉరికి అందించాను. నా మొహం వైపు చూడకుండానే తీసుకుని పోయి గుమ్మరించాడు. కండువా తడిపి మళ్లీ బాదాడు. చీకటి పడే దాకా అట్లాగే జరిగింది. ఊరివాళ్లు వెళ్లిపోయారు. చితి నెమ్మదించింది, గాలి మాత్రం ఆగలేదు.  ఒక పొగ ఆర్పి వచ్చి, రెండోదాని వైపు చూస్తూనే, ఖాళీ బకెట్‌ను తీగ మీదుగా నా వైపు చాచి పట్టుకున్నాడు.